చమురు కలిసిన భూగర్భజలం: తోడి శుద్ధి చేసే విధానం

పెట్రోలు, డీజిలు, కిరోసిను, ముడిచమురు లాంటివి నేలలోకి ఇంకి భూగర్భజలంలో కలిసినప్పుడు, ఆ నీటిని ప్రత్యేకంగా వేసిన బోర్ల ద్వారా పైకి తోడి, నూనెను వేరు చేసి, కరిగిన రసాయనాలను తీసేసి వదిలే విధానం నాలుగు దశాబ్దాలకు పైగా వాడుకలో ఉంది. మోటారు బిగించి తోడుతూ పోతే కొన్నాళ్లకు అడుగున మంచినీరే మిగులుతుందన్న ఆలోచన వినడానికి సబబుగానే ఉంటుంది. అనుభవం అంత సాఫీగా సాగలేదు. కాలుష్యం పక్క బావులకు పాకకుండా ఆపడంలో ఈ బోర్లు బాగా పనిచేశాయి. నేలను పూర్తిగా శుభ్రం చేయడంలో మాత్రం చాలాచోట్ల చేతులెత్తేశాయి. ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ రావో తెలియాలంటే ముందు నేల కింద నూనె ఏం చేస్తుందో చూడాలి.

పెట్రోలు బంకులో పూడ్చిన ట్యాంకుకు తుప్పు పట్టినా, పైపు అతుకు ఊడినా, కారిన ఇంధనం మట్టిలోంచి కిందికి దిగుతుంది. దారిలో ఇసుక రేణువుల సందుల్లో కొంత చిక్కుకుపోతుంది. మిగిలింది నీటి మట్టాన్ని చేరాక, నీటికంటే తేలిక కనుక మునగకుండా పక్కలకు పరుచుకుంటుంది. వానాకాలంలో మట్టం పెరిగితే దానితోపాటు లేస్తుంది, ఎండాకాలంలో దిగుతుంది. ఇలా ఏటా పైకీ కిందికీ కదులుతూ ఆ మధ్య ఉన్న మట్టికంతా జిడ్డు పులుముతుంది. ఋతుపవనాల మీద ఆధారపడిన మన ప్రాంతాల్లో భూగర్భజల మట్టం ఏడాదిలోనే కొన్ని మీటర్లు మారడం మామూలు. అందుచేత ఇక్కడ ఆ జిడ్డు పట్టీ మందంగా ఉండే అవకాశం ఎక్కువ. పరిశీలన కోసం వేసిన బోరులో తేలే నూనె ఎత్తు చూసి నేలలోనూ అంతే ఉందని లెక్క కట్టకూడదు. బోరులోకి చేరిన నూనె తన బరువుతో నీటిని కిందికి నొక్కుతుంది కనుక, అక్కడి పొర చుట్టుపక్కల ఉన్నదానికంటే మందంగా కనిపిస్తుంది.

తేలే నూనెకంటే కరిగిపోయే భాగమే ప్రమాదకరం. పెట్రోలులోని బెంజీన్, టోలీన్, ఈథైల్ బెంజీన్, జైలీన్‌లు నెమ్మదిగా నీటిలోకి దిగి, ఆ నీటితోపాటే ప్రయాణిస్తాయి. వీటిలో బెంజీన్ మనుషుల్లో రక్త క్యాన్సర్‌కు కారణమని రుజువైన పదార్థం. తాగునీటిలో అది లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అమెరికాలో ఆ హద్దు 5 మైక్రోగ్రాములే. భారతదేశంలో అమ్మే పెట్రోలులో బెంజీన్ 1 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది. అంటే 100 లీటర్ల పెట్రోలులో లీటరు వరకు, సుమారు 880 గ్రాముల బెంజీన్ ఉండొచ్చు. అదంతా నీటిలో కలిసిందనుకుంటే 8.8 కోట్ల లీటర్ల నీటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దుకు చేర్చడానికి సరిపోతుంది. బంకులో ఒక రాత్రి కారిన ఇంధనం ఊరంతటి సమస్యగా మారడం వెనక ఉన్న లెక్క ఇదే.

నేల కింద ఎంత నూనె చేరగలదో న్యూయార్క్ నగరం చూపించింది. బ్రూక్లిన్‌లోని గ్రీన్‌పాయింట్‌లో 1860ల నుంచే చమురు శుద్ధి కర్మాగారాలు ఉండేవి. 1950లో అక్కడ మురుగు కాలువల్లో పేరుకున్న ఇంధన ఆవిరి పేలి, వీధుల్లో మాన్‌హోల్ మూతలు ఎగిరిపడ్డాయి. ఆ హెచ్చరికను ఎవరూ తీవ్రంగా పట్టించుకోలేదు. 1978లో కోస్ట్ గార్డ్ గస్తీ బృందం హెలికాప్టర్ నుంచి న్యూటౌన్ క్రీక్ మీద నూనె తెట్టు చూసింది. మరుసటి ఏడాది జరిగిన సర్వేలో 50 ఎకరాలకు పైగా నేల కింద 1.7 కోట్ల గ్యాలన్లు, అంటే 6.4 కోట్ల లీటర్ల పెట్రోలియం ఉన్నట్టు అంచనా వేశారు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి కారినట్టు లెక్కగట్టిన చమురు 1.1 కోట్ల గ్యాలన్లు. సముద్రంలో పడిన చమురు ప్రపంచానికంతా కనిపించింది, గ్రీన్‌పాయింట్‌లోది ఇళ్ల పునాదుల కింద దశాబ్దాలపాటు ఎవరి కంటా పడలేదు.

గ్రీన్‌పాయింట్‌లో ఆ నూనెను తీయడానికి వాడిన బోర్ల పనితీరు తెలుసుకోదగ్గది. ఒకే బోరులో రెండు పంపులు ఉంటాయి. అడుగున ఉన్నది నీటిని తోడుతుంది. దానివల్ల బోరు చుట్టూ నీటి మట్టం శంఖువు ఆకారంలో దిగి పల్లం ఏర్పడుతుంది. మట్టం మీద తేలే నూనె ఆ పల్లంవైపు జారి బోరులో చేరుతుంది. పైన వేలాడదీసిన రెండో పంపు దాన్ని విడిగా ట్యాంకులోకి పంపుతుంది. నీళ్లు, నూనె మొదటినుంచీ వేర్వేరు పైపుల్లో రావడం ఇందులోని సుగుణం. రెండూ ఒకే పంపులో పడి చిలికితే, ఆ మిశ్రమాన్ని విడదీయడం మహా కష్టం. ఇంధన ఆవిరి నిప్పురవ్వకు అంటుకుంటుంది కనుక పేలుడు రక్షణ ఉన్న మోటార్లు గాని, గాలి పీడనంతో నడిచే పంపులు గాని వాడతారు. ఆశకొద్దీ మట్టాన్ని మరీ కిందికి లాగితే మరో నష్టం ఉంది: అంతవరకు శుభ్రంగా ఉన్న అడుగు ఇసుకలోకి కూడా నూనె దిగి అంటుకుపోతుంది. తోడే వేగం తేల్చడం ఈ పనిలో అసలు నైపుణ్యం.

ఆ వేగాన్ని లెక్కించే పునాదులు పాతవే. ఇసుకలోంచి నీరు ఎంత వేగంగా పారుతుందో ఫ్రెంచి ఇంజినీరు ఆన్రీ డార్సీ 1856లో సూత్రీకరించాడు. తోడేకొద్దీ బోరు చుట్టూ మట్టం ఎలా పడిపోతుందో అమెరికన్ శాస్త్రవేత్త చార్లెస్ థైస్ 1935లో సమీకరణంగా చెప్పాడు. ఇవాళ కంప్యూటర్ నమూనాలు చేసే పని కూడా ఈ రెండింటి మీదే నిలబడింది: ఏ బోరు ఎంత వెడల్పున నీటిని తనవైపు లాగుతుందో తేల్చి, కాలుష్యం కలిసి కదిలే నీటి పాయ మొత్తం ఆ పరిధిలో పడేలా బోర్లు అమర్చడం. ఆ పరిధికి అవతల ఉన్న పరిశీలన బోర్ల నీటిని క్రమం తప్పకుండా పరీక్షిస్తేనే పాయ నిజంగా ఆగిందో లేదో తెలుస్తుంది. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మొదట కోత పడేది ఈ పరీక్షలకే. అలా చేస్తే బోర్లు నడుస్తున్నాయన్న తృప్తి తప్ప ఏమీ మిగలదు.

పైకి వచ్చిన నీటి శుద్ధి కొన్ని మెట్లలో సాగుతుంది. మొదట సెపరేటర్ ట్యాంకులో నీటిని నిదానంగా పారించి, తేలిన నూనెను పైనుంచి తీసేస్తారు. తర్వాత ఎయిర్ స్ట్రిప్పర్ అనే ఎత్తయిన గొట్టంలోకి నీటిని పైనుంచి సన్నగా రాల్చుతూ, కింది నుంచి గాలి ఊదుతారు. బెంజీన్ తేలిగ్గా ఆవిరయ్యే పదార్థం కనుక నీటిని వదిలి గాలిలో చేరుతుంది. ఇక్కడితో వదిలేస్తే నీటి కాలుష్యం గాలి కాలుష్యంగా మారినట్టే. ఆ గాలిని కూడా కార్బన్ గుండా పంపాలి, లేదా కాల్చాలి. చివరి మెట్టు యాక్టివేటెడ్ కార్బన్. ఒక్క గ్రాము కార్బన్‌లోని సూక్ష్మ రంధ్రాల లోపలి వైశాల్యం వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉంటుంది. మిగిలిన కాలుష్యం ఆ గోడలకు అంటుకుపోతుంది. కొబ్బరి చిప్పల నుంచి చేసిన కార్బన్ ఈ పనికి బాగా పేరు పొందింది. దక్షిణ భారతం దాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తోంది.

ఈ యంత్రాలను రోజూ వేధించే శత్రువు ఇనుము. నేలలో నూనెను తినే బాక్టీరియా ప్రాణవాయువు అయిపోయాక మట్టిలోని ఇనుము ఖనిజాలను వాడుకుంటుంది. అలా కరిగిన ఇనుము పైకి వచ్చి గాలి తగలగానే తుప్పురంగు ముద్దగా పేరుకుని స్ట్రిప్పర్‌ను, పైపులను, బోరు జల్లెడను మూసేస్తుంది. నెల నెలా కడగడం, ఆమ్లం పోయడం తప్పదు. కాగితం మీద ఏడాదంతా నడవాల్సిన ప్లాంటు సగం రోజులు మరమ్మతులోనే గడపడానికి ఇలాంటి చిన్న కారణాలే చాలు.

అసలు చిక్కు నేలలోనే ఉంది. తోడడం మొదలుపెట్టిన తొలి ఏడాది కాలుష్యం గబగబా తగ్గుతుంది. తర్వాత ఒకచోట ఆగి, ఏళ్ల తరబడి అక్కడే తారట్లాడుతుంది. పంపులు ఆపిన కొన్ని నెలలకు మళ్లీ పెరుగుతుంది. నూనె పట్టిన గుడ్డను ఎన్నిసార్లు జాడించినా నీళ్లలో జిడ్డు తేలుతూనే ఉన్నట్టు, రేణువుల సందుల్లో ఇరుక్కున్న నూనె కొంచెం కొంచెంగా కరుగుతూనే ఉంటుంది. బంకమట్టి పొరల్లోకి ఏళ్లపాటు ఇంకిన బెంజీన్ తిరిగి బయటికి రావడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. నీటిని వేగంగా తోడినా ఈ కరుగుదల వేగం ఆ మేరకు పెరగదు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో ఇచ్చిన నివేదికలో, తోడి శుద్ధి చేసే విధానం నడుస్తున్న 77 స్థలాలను పరిశీలించగా 69 చోట్ల లక్ష్యం అప్పటికింకా నెరవేరలేదని తేల్చింది. వాటిలో అన్నీ పెట్రోలియం స్థలాలు కావు. నీటికంటే బరువైన ద్రావకాలు పడిన చోట్ల కష్టం మరింత ఎక్కువ. అయినా ఆ అంకె ఈ రంగంలో ఆలోచనను మలుపు తిప్పింది.

మినెసోటా రాష్ట్రంలోని బెమిడ్జీ దగ్గర జరిగిన ప్రయత్నం ఇంకా లోతుగా చూడదగింది. 1979 ఆగస్టు 20న అక్కడ ముడిచమురు పైప్‌లైన్ పగిలి 17 లక్షల లీటర్లు నేలపాలైంది. అప్పట్లో అందినంత ఎత్తిపోశాక కూడా సుమారు 4 లక్షల లీటర్లు నేలలో ఉండిపోయింది. 1983 నుంచి అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఆ స్థలాన్ని బహిరంగ ప్రయోగశాలగా వాడుతోంది. చమురు కింద నీరు ఏమవుతుందన్న దాని మీద ప్రపంచానికి తెలిసిన వాటిలో చాలా భాగం అక్కడినుంచే వచ్చింది. 1999 నుంచి 2003 వరకు రెండు పంపుల బోర్లతో దాదాపు 1,15,000 లీటర్ల చమురును బయటికి తీశారు. అప్పటికి మిగిలినదాంట్లో అది 36 నుంచి 41 శాతం. తోడిన బోర్ల పక్కనే నూనె పొర పలచబడింది గాని, స్థలమంతా కలిపి చూస్తే సగటు మందం పెద్దగా మారలేదు. అంతకంటే విచారకరమైనది మరొకటి జరిగింది. తోడిన నీటిని ఎగువన ఇంకుడు కాలువలో వదిలారు. ఆ నీటివల్ల ప్రాణవాయువు లేని కొత్త కలుషిత పాయ ఒకటి పుట్టి, పాత పాయ కిందికి వేగంగా పాకింది. శుద్ధి పని సగంలో ఆపి నీటిని వదిలితే ఏమవుతుందో దీనికంటే స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం.

ఈ వైఫల్యాలు చూసి తోడుడు బోర్లే దండగ అనడం తప్పు. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరం ఇందుకు సాక్ష్యం. పెట్రోలు శుభ్రంగా మండడానికి అప్పట్లో ఎంటీబీఈ అనే రసాయనాన్ని కలిపేవారు. అది నీటిలో విపరీతంగా కరుగుతుంది, మట్టికి అంటుకోదు, బాక్టీరియాకు తేలిగ్గా లొంగదు. అందువల్ల బంకుల దగ్గర కారిన ఇంధనం నుంచి బెంజీన్‌ను వెనక వదిలేసి ముందుగా బావులకు చేరింది. నగరానికి నీరిచ్చే చార్నాక్ బావుల్లో 1995లో దాన్ని గుర్తించారు. 1996లో ఆ బావులను మూసేశారు. వాటితోపాటు ఆర్కేడియా బావులు కూడా పోవడంతో నగరం తన తాగునీటిలో దాదాపు సగం కోల్పోయి బయటినుంచి కొనుక్కుంది. చమురు కంపెనీలతో వ్యాజ్యం నడిపి 2003లో ఒప్పందానికి వచ్చి, కార్బన్ ఫిల్టర్లతో భారీ శుద్ధి కేంద్రం కట్టించాక, దాదాపు పదిహేనేళ్లకు చార్నాక్ నీళ్లు మళ్లీ కుళాయిల్లోకి వచ్చాయి. ఎంటీబీఈ నీటిలోనే ఉండే రసాయనం కనుక తోడితే వచ్చేస్తుంది. బోర్ల విధానం చేతనయ్యే పని అదే. కాలిఫోర్నియా 2003 చివరికి పెట్రోలులో దాని వాడకాన్ని ఆపేసింది.

గ్రీన్‌పాయింట్ లెక్క కూడా చూడాలి. పర్యావరణ సంస్థ రివర్‌కీపర్ 2004లో దావా వేసింది, 2007లో న్యూయార్క్ రాష్ట్రం కోర్టుకెక్కింది, దావాలు ఎదుర్కొన్న చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ 2010లో ఒప్పందానికి వచ్చింది. బోర్లు నడిచి నడిచి ఇంతవరకు 1.2 కోట్ల గ్యాలన్లకు పైగా నూనెను వెనక్కి లాగాయి. మూడు దశాబ్దాలకు పైగా పట్టినా, పక్కనున్న క్రీక్‌లోకి ఊరకుండా నూనెను నిలబెట్టింది ఆ పంపులే. ఆ పని అంత ఆలస్యం కావడానికి సాంకేతికత లోపించడం కారణం కాదు. అడిగేవాళ్లు చాలాకాలం లేకపోవడమే కారణం.

తోడడానికి తోడుగా నిలిచేవి మరికొన్ని ఉన్నాయి. నీటి మట్టానికి పైనున్న మట్టిలోంచి ఆవిరిని వాక్యూమ్‌తో పీల్చడం, నీటి అడుగున గాలి బుడగలు వదిలి రసాయనాలను పైకి లేపడం, నూనెలో నానిన మట్టిని మొత్తంగా తవ్వి తీసేయడం లాంటివి. బంకు స్థాయి లీకులకు వీటిలో చివరిదే చాలాసార్లు ఉత్తమం. 1970ల తొలినాళ్లలో సన్ ఆయిల్ కంపెనీ శాస్త్రవేత్త రిచర్డ్ రేమండ్ పెన్సిల్వేనియాలోని ఆంబ్లర్‌లో పైప్‌లైన్ లీకు దగ్గర మరో దారి తొక్కాడు. నేలలో సహజంగా ఉండే బాక్టీరియాకు గాలి, నత్రజని, ఫాస్ఫరస్ అందించి, మిగిలిన పెట్రోలును వాటిచేతనే తినిపించాడు. ఆ పద్ధతికి 1974లో పేటెంటు పొందాడు. ఎవరూ ఏమీ అందించకపోయినా బాక్టీరియా కొంత పని చేస్తుందని తర్వాత తెలిసింది. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల 1995లో కాలిఫోర్నియా బంకుల లీకులను పరిశీలించి, చాలాచోట్ల బెంజీన్ పాయ 250 అడుగుల లోపే ఆగిపోతోందని చెప్పింది.

ఈ మాట మన దేశానికి ఒక మినహాయింపుతో వర్తిస్తుంది. ఇప్పుడు మన పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. బాక్టీరియాకు ఇథనాల్ ఇష్టమైన ఆహారం. ముందు దాన్ని తిని నేలలోని ప్రాణవాయువును ఖర్చు చేసేస్తే, బెంజీన్ జీర్ణం కాకుండా ఇంకా దూరం పోతుంది. పాత పెట్రోలు మీద చేసిన అంచనాలను ఇక్కడ యథాతథంగా వాడటం క్షేమం కాదు.

నేల తీరు కూడా వేరు. అమెరికా ఉదాహరణల్లో ఎక్కువభాగం ఇసుక, గులకరాళ్ల పొరలు. కృష్ణా గోదావరి డెల్టాల్లో అలాంటి ఒండ్రు నేలలున్నాయి గాని, తెలంగాణలో అధికభాగం గ్రానైటు రాయి, విశాఖ చుట్టుపక్కల ఖోండలైటు. అక్కడ నీరు శిథిలమైన పైపొరలో, రాతి పగుళ్లలో ఉంటుంది. పగులు ఎటు పోతే నూనె అటు పోతుంది. పది మీటర్ల దూరంలోని బోరు శుభ్రంగా ఉండి, రెండు వీధుల అవతలి బోరులో పెట్రోలు తేలొచ్చు. అలాంటి చోట లెక్కలు కట్టి వేసిన బోరు కూడా ఆ పగులును తప్పిపోవచ్చు. మొదట పగుళ్ల దారి కనిపెట్టకుండా మోటార్లు దించితే డబ్బు వృథా.

చెన్నైలోని తొండియార్‌పేటలో 2013లో ఇళ్ల బోర్లలో పెట్రోలియం ఉత్పత్తులు కనిపించాయి. తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న ఉత్తర చెన్నై ప్రాంతమది. ఓడరేవు వైపు నుంచి నిల్వ కేంద్రానికి వెళ్లే పైప్‌లైన్ లీకు కావడమే కారణమని బయటపడింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ విచారణ జరిపింది, ఐఐటీ మద్రాసు పరిశోధకులు అధ్యయనం చేశారు. ఇరుకు వీధులు, ప్రతి ఇంటికీ ఒక బోరు, ప్రతి బోరూ తనవైపు నీటిని లాగుతూ ఉండే మన పట్టణాల్లో ఇంకో చిక్కుంది. ఇళ్లవాళ్ల మోటార్లే తెలియకుండా నూనెను ఇంటింటికీ పంచిపెడతాయి.

ఖర్చు ఎవరు భరించాలన్నది సాంకేతికతకంటే కఠినమైన ప్రశ్న. అమెరికా 1986లో గ్యాలను ఇంధనానికి సెంటులో పదో వంతు పన్ను వేసి, లీకైన ట్యాంకుల కోసం ప్రత్యేక నిధి పెట్టింది. అక్కడ ఇంతవరకు 5 లక్షలకు పైగా ట్యాంకు లీకులు నమోదయ్యాయి, వాటిలో అత్యధికం శుద్ధి పూర్తయింది. మన సుప్రీంకోర్టు 1996లో రాజస్థాన్‌లోని బిఛ్రీ గ్రామం కేసులో, బావులను పాడుచేసిన రసాయన కర్మాగారాలే శుద్ధి ఖర్చు భరించాలని తీర్పునిచ్చింది. కలుషిత స్థలాలను గుర్తించి, బాధ్యులచేత శుభ్రం చేయించడానికి కేంద్రం 2025 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఇవి కాగితం దాటాలంటే బంకుల చుట్టూ పరిశీలన బోర్లు ఉండాలి, వాటి ఫలితాలు వీధివాళ్లకు తెలియాలి.

బోరు నీళ్లలో పెట్రోలు వాసన వచ్చినా, పైన రంగురంగుల తెట్టు కనిపించినా ఆ నీటిని తాగొద్దు, మరిగించొద్దు. మరిగిస్తే బెంజీన్ వంటింటి గాలిలోకి చేరుతుంది. మోటారు ఆపి, బోరు దగ్గర నిప్పు రానీయకుండా, కాలుష్య నియంత్రణ మండలికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వాసన పోయిందని వాడకం మొదలుపెట్టవద్దు. నీటిలో బెంజీన్ వాసన మనిషి ముక్కుకు తెలిసే స్థాయి, తాగదగిన హద్దుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రయోగశాల పరీక్ష ఒక్కటే ఆ విషయం తేల్చగలదు.